పాత గేర్ల సైకిలుకు ముందు కొలత, తరువాతే కొత్త చక్రం

సంపాదకులు గారికి,

నమస్కారములు.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలోని అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. ఇళ్లలోని ఫ్రిజ్‌లు, పరుపులు, మోటారు సైకిళ్లతో పాటు ఎన్నో సైకిళ్లు కూడా ఆ బురదలో మునిగాయి. నీరు తీశాక వాహనాల బీమా గురించీ, గృహోపకరణాల మరమ్మతుల గురించీ అందరూ మాట్లాడుకున్నారు గాని, సైకిళ్ల సంగతి పెద్దగా ఎవరికీ పట్టలేదు. తుప్పు పట్టిన సైకిలును పాత ఇనుప సామాన్ల బండికి కాటా లెక్కన వేసేయడం తప్ప దారి లేదనుకున్నవారే ఎక్కువ. అలా వెళ్లిపోతున్న వాటిలో 1970, 80ల నాటి రోడ్డు సైకిళ్లను, అంటే కిందికి వంచిన హ్యాండిలు, సన్నని టైర్లు, వెనక ఐదారు గేర్లు ఉన్న తేలికపాటి ఉక్కు సైకిళ్లను నేను కళ్లారా చూశాను. చదువుకో ఉద్యోగానికో విదేశాలకు వెళ్లినవారు ఎంతో ఇష్టంగా కొని తెచ్చుకున్న సైకిళ్లవి. ఫ్రేము నిక్షేపంగా ఉండగా, వెనక చక్రం బిగుసుకుపోయిందన్న ఒక్క కారణంతో వాటిని తూకానికి వేయడం నాకు చాలా బాధ కలిగించింది.

నేను రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి విరమించినవాడిని. విరమణ తరువాత తెలిసినవారి పాత సైకిళ్లను బాగుచేసి ఇవ్వడం నాకు ఇష్టమైన వ్యాపకంగా మారింది. వరద తరువాతే కాదు, మామూలు రోజుల్లోనూ ఈ సైకిళ్లను మళ్లీ రోడ్డెక్కించాలనుకునే యువకులు విజయవాడలోనూ గుంటూరులోనూ పెరుగుతున్నారు. అది సంతోషించవలసిన విషయం. అయితే వారిలో చాలామంది చేయిస్తున్న పని తీరు చూస్తే, బండికి వేసేయడం కంటే అదే ఎక్కువ నష్టమేమోననిపిస్తోంది. గేర్ల సంఖ్య చూసి సామాను కొంటున్నారు, ఆ సామానుకు సరిపోయేలా ఫ్రేము వెనక గొట్టాలను బలవంతంగా ఎడం చేస్తున్నారు. జరగవలసింది దీనికి పూర్తిగా తలకిందులు. ముందు ఫ్రేమును కొలవాలి, ఆ కొలతకు తగిన వెనక చక్రాన్ని నిర్ణయించాలి, ఆ చక్రం ఒప్పుకున్నన్ని గేర్లే వేసుకోవాలి. ఈ క్రమాన్ని మీ పత్రిక ద్వారా పాఠకులకూ, మెకానిక్‌లకూ వివరంగా చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

మొదట ఫ్రేము బతికి ఉందో లేదో చూసుకోవాలి. నీటిలో నానిన సైకిలుకు పైన కనిపించే తుప్పు కంటే గొట్టాల లోపలి తుప్పే ప్రమాదం. సీటు గొట్టం పైకి లాగి, పెడళ్ల దగ్గరి కప్పులు విప్పి, ఫ్రేమును తలకిందులు చేస్తే లోపలి నీరూ మట్టీ బయటికి వస్తాయి. పెడళ్ల ఇరుసు ఉండే చోట, అక్కడి నుంచి వెనక చక్రం వైపు వెళ్లే గొట్టాల కింది భాగంలో స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా నొక్కి చూడాలి. రంగు బుడగలుగా లేచి, మొన లోపలికి దిగితే ఆ ఫ్రేము మీద ఇక డబ్బు పెట్టకూడదు. మొన దిగకపోతే, పైన ఎంత ఎర్రగా ఉన్నా దిగులు పడనక్కర లేదు. ఆరబెట్టి లోపల నూనె పట్టిస్తే ఆ ఉక్కు ఇంకా ఎన్నో ఏళ్లు పనిచేస్తుంది. వెనక చక్రం సంగతి వేరు. చక్రం మధ్యనుండే హబ్బులోని గ్రీజులో ఒండ్రు కలిసి బాల్సునూ, అవి దొర్లే కోన్లనూ తినేస్తుంది, పెడలు ఆపినా చక్రం తిరిగేలా చేసే ఫ్రీవీలు లోపల స్ప్రింగు మీద లేచి పళ్లను పట్టుకునే చిన్న ముక్కలు తుప్పుతో అతుక్కుపోతాయి, ఉక్కు రిమ్ము మీది క్రోమియం పూత పెచ్చులూడుతుంది. అందుకే ఇలాంటి సైకిళ్లలో మార్పు వెనక చక్రంతోనే మొదలవుతుంది.

ఇక కొలత. చక్రం తీసేసి, ఇరుసు కూర్చునే రెండు గాడుల లోపలి ముఖాల మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో చూడాలి. కచ్చితంగా కొలిచే వెర్నియరు ఉంటే మంచిది, లేకపోతే మంచి స్టీలు స్కేలు చాలు. వెనక ఐదు గేర్లతో వచ్చిన పాత రోడ్డు సైకిళ్లలో ఈ దూరం సాధారణంగా 120 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆరేడు గేర్లతో వచ్చిన వాటిలో 126 ఉంటుంది. ఎనిమిది గేర్లు వచ్చాక రోడ్డు సైకిళ్లకు 130 స్థిరపడి, పదకొండు గేర్ల దాకా రిమ్ము బ్రేకుల సైకిళ్లలో అదే కొనసాగింది. కొండదారుల సైకిళ్లకు 135 వచ్చింది. ఇప్పుడు మన దుకాణాల్లో దొరికే గేర్ల చక్రాల్లో చాలా భాగం ఈ 135 రకానివే. ఐదు గేర్ల నాటి ఫ్రేములో దాన్ని ఇరికించాలంటే 15 మిల్లీమీటర్లు ఎడం చేయాలి. కొలవకుండా కొన్నవారికి ఈ తేడా చక్రం బిగించే రోజున గాని తెలియదు. అప్పటికి బిల్లు అయిపోయి ఉంటుంది, దుకాణదారుకు సామాను వెనక్కి తీసుకోవడం ఇష్టముండదు, చివరికి ఆ భారమంతా ఫ్రేము మీదే పడుతుంది.

మా వీధి కుర్రవాడి విషయంలో ఇదే జరిగింది. తండ్రి కాలేజీ రోజుల్లో తొక్కిన సైకిలును బాగుచేయించాలనే కోరికతో నగరంలోని ఒక దుకాణానికి ఇచ్చాడు. అక్కడివారు రెండు గొట్టాల మధ్య జాకీ పెట్టి ఒక్కసారిగా ఎడం చేసి, కొండదారి సైకిలు చక్రాన్ని బిగించి ఇచ్చారు. నా దగ్గరికి తెచ్చేసరికి రిమ్ము ఫ్రేము మధ్యలో లేదు, ఎడమ బ్రేకు రబ్బరును ఒరుసుకుంటోంది. పెద్ద పళ్ల చక్రం మీదికి గేరు వేయగానే, గొలుసును ఒక పళ్ల చక్రం నుంచి మరోదానికి జరిపే డీరైలర్ స్పోకుల్లోకి వెళ్లేంత దగ్గరికి వస్తోంది. దారం కట్టి చూస్తే కారణం తెలిసింది. జాకీతో ఎడం చేసినప్పుడు రెండు గొట్టాలూ సమానంగా వంగవు. ఏది కాస్త బలహీనమో అదే ఎక్కువ వంగుతుంది. అక్కడ ఒక పక్క గొట్టం దాదాపు మొత్తం వంపును భరించింది, రెండోది ఉన్నచోటే ఉంది. పైగా ఇరుసు గాడులు ఒకదానికొకటి సమాంతరంగా లేకుండా బయటికి తిరిగిపోయాయి. అలాంటి గాడుల్లో నట్లు బిగిస్తే ఇరుసు మీద నిత్యం వంపు ఒత్తిడి ఉంటుంది, ఏదో ఒక రోజు అది విరుగుతుంది. ఆ కుర్రవాడు పెట్టిన డబ్బు తక్కువేమీ కాదు. అంత ఖర్చుతో తండ్రి సైకిలు అంతకు ముందు కంటే అధ్వానమైంది.

ఫ్రేమును ఎడం చేయడమే తప్పని నేను అనడం లేదు. ఉక్కు ఫ్రేమును వేడి చేయకుండా, కొద్దికొద్దిగా వంచి కొత్త కొలతకు నిలబెట్టడం సైకిలు పనివారికి ఎప్పటి నుంచో తెలిసిన విద్య. అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో పనిచేసిన ప్రసిద్ధ మెకానిక్ షెల్డన్ బ్రౌన్ దీన్ని ఎంతో శ్రద్ధగా వివరించారు. ఆయన 2008లో మరణించినా, పాత సైకిళ్లతో పనిచేసేవారు నేటికీ ఆయన మాటనే ప్రమాణంగా తీసుకుంటారు. పద్ధతి కష్టమైనది కాదు, ఓపికతో కూడినది. ఎడమ ఇరుసు గాడి దగ్గర దారం కట్టి, ముందు హ్యాండిలు గొట్టం చుట్టూ తిప్పి, కుడి గాడి దగ్గరికి తెచ్చి బిగువుగా కట్టాలి. అప్పుడు సీటు గొట్టానికి రెండు పక్కలా దారం ఎంత దూరంలో ఉందో కొలవాలి. రెండు దూరాలూ సమానమైతే ఫ్రేము వెనక భాగం సరిగ్గా మధ్యలో ఉన్నట్లు. వంచేటప్పుడు ఒక్కొక్క పక్కనే, గట్టి చెక్క దుంగను మీటగా పెట్టి, కొంచెం వంచి, మళ్లీ దారంతో కొలిచి, మళ్లీ వంచాలి. 126 నుంచి 130కి వెళ్లడమంటే ఒక్కో పక్కకు 2 మిల్లీమీటర్లే. దానికి ఉక్కు ఏమీ అనుకోదు. చేత్తో కాస్త ఎడంగా లాగి చక్రం దించుకునేవారూ ఉన్నారు. 120 నుంచి 130 అంటే పక్కకు 5 మిల్లీమీటర్లు. ఇది చేతిబలంతో సరిపెట్టుకునే పని కాదు. దారం కొలతతో వంచి, గాడులను తిరిగి సమాంతరం చేసి, డీరైలర్ వేలాడే కొక్కెం నిటారుగా ఉందో లేదో చూసి తీరాలి. 120 నుంచి 135 మాత్రం ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దని నా సలహా.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఇదంతా ఉక్కుకు మాత్రమే వర్తిస్తుంది. 1980లలోనే ఫ్రాన్సు నుంచి విటస్ వంటి అల్యూమినియం రోడ్డు ఫ్రేములు వచ్చాయి. పాతది గనక ఉక్కే అయి ఉంటుందనుకోకూడదు. అయస్కాంతం పెట్టి చూస్తే క్షణంలో తేలిపోతుంది. అయస్కాంతం అంటుకోని ఫ్రేమును ఒక్క మిల్లీమీటరు కూడా వంచవద్దు. అల్యూమినియం అయినా, కార్బన్ అయినా అది పగులుకే దారి తీస్తుంది.

కొలత తేలాక హబ్బు రకాన్ని నిర్ణయించుకోవాలి. పాత సైకిళ్లలో ఫ్రీవీలు హబ్బు మీది మరకు బిగుస్తుంది. పళ్ల చక్రాలూ, తిరిగే యంత్రమూ కలిసి ఒకే ముద్దగా ఉంటాయి. ఈ అమరికలో కుడివైపు బేరింగు ఫ్రీవీలుకు లోపలి పక్కన, హబ్బు మధ్యకు దగ్గరగా ఉండిపోతుంది. అక్కడి నుంచి ఫ్రేము గాడి దాకా ఇరుసుకు ఆధారం ఉండదు. గేర్లు పెరిగి ఫ్రీవీలు వెడల్పయిన కొద్దీ ఆధారం లేని ఆ భాగం పొడవవుతుంది. బరువైన మనిషి, వెనక క్యారియరు మీద సంచీ, గతుకుల రోడ్డు, ఈ మూడూ కలిస్తే ఇరుసు వంగడానికీ విరగడానికీ అదే కారణం. జపాన్‌కు చెందిన షిమానో సంస్థ 1978లో తెచ్చిన ఫ్రీహబ్బు ఈ లోపాన్ని సరిదిద్దింది. అందులో తిరిగే యంత్రం హబ్బులోనే భాగం, పళ్ల చక్రాలు మాత్రం దాని మీదికి విడిగా జారి కూర్చుంటాయి. కుడి బేరింగు ఫ్రేముకు దగ్గరగా బయటి చివరకు జరిగింది, ఇరుసుకు బలం వచ్చింది. కాబట్టి ఫ్రేము 126 ఉండి, మనిషి బరువైనవాడై, రోజూ సామాను మోస్తూ తిరిగేవాడైతే, 130 కొలత ఫ్రీహబ్బు చక్రం, దానికి ఎనిమిది గేర్లు చక్కని ఎంపిక. ఎనిమిది గేర్ల గొలుసు, ఏడు గేర్ల గొలుసు ఒకటే కనుక అది దొరకడమూ కష్టం కాదు.

ఫ్రేము 120 అయితే మాత్రం నా అభిప్రాయం వేరు. దాన్ని కదపకుండా, మర ఉన్న మంచి హబ్బు మీదే కొత్త ఐదు గేర్ల ఫ్రీవీలు దొరికితే అది వేసుకోవడం ఉత్తమం. దొరకని పక్షంలో పొడవైన ఇరుసు, ఖాళీ నింపే సరిపడా స్పేసర్లు (వాషర్ల లాంటి రింగులు) వేసి హబ్బును 126కు పెంచి, ఫ్రేమును పక్కకు 3 మిల్లీమీటర్లు మాత్రమే జరిపి, ఏడు గేర్ల ఫ్రీవీలు వేసుకోవచ్చు. ఈ ఏడు గేర్ల ఫ్రీవీలు ఇప్పటి సాధారణ గేర్ల సైకిళ్లలో విరివిగా వస్తోంది. పాత హబ్బుల మీద ఎక్కువగా కనిపించే మర 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 మరలు. నేటి ఫ్రీవీలూ ఆ మరకే బిగుస్తుంది. అర్ధశతాబ్దం నాటి హబ్బుకు నేడు కొన్న సామాను నేరుగా సరిపోవడం యంత్ర సామగ్రిలో అరుదైన విషయం, దాన్ని మనం వాడుకోవాలి. ఒక్క పాత ఫ్రెంచి సైకిళ్ల విషయంలో జాగ్రత్త పడాలి. వాటి మర 34.7 మిల్లీమీటర్ల వ్యాసం, మరకూ మరకూ ఒక మిల్లీమీటరు దూరం. చూపుకు ఒకటిలాగే ఉంటుంది, మొదటి చుట్టు ఎక్కుతున్నట్లే అనిపిస్తుంది, ఆపైన బలం పెడితే హబ్బు మర నాశనమవుతుంది. పాత ప్యూజో వంటి సైకిలు చేతికి వస్తే మర కొలిచే గేజి పెట్టి చూడకుండా ఫ్రీవీలు ఎక్కించకూడదు.

పాత ఫ్రీవీలు విప్పడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి హబ్బులు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. పెడలు తొక్కిన ప్రతిసారీ ఫ్రీవీలు మర మీద ఇంకా బిగుస్తూనే ఉంటుంది. ఏళ్ల తరబడి తొక్కాక అది ఎంత బిగుసుకుంటుందో ఊహించుకోవచ్చు. దాన్ని విప్పడానికి ఆ ఫ్రీవీలు గాడులకే సరిపోయే ప్రత్యేకమైన పనిముట్టు కావాలి, ఒక కంపెనీది ఇంకో కంపెనీకి చాలాసార్లు సరిపోదు. పనిముట్టును గాడుల్లో కూర్చోబెట్టి, అది జారిపోకుండా ఇరుసు నట్టుతో వదులుగా పట్టించి, దాన్ని బెంచి వైసులో బిగించాలి. అప్పుడు రిమ్మును రెండు చేతులా పట్టుకుని, లారీ స్టీరింగు తిప్పినట్లు ఎడమకు తిప్పాలి. ముందురోజే మర మీద పలచని నూనె వేసి ఉంచితే పని సులువవుతుంది. టక్కుమని ఒక శబ్దంతో అది కదలగానే ఇరుసు నట్టు వదులు చేయాలి. లేకపోతే తిరిగివచ్చే ఫ్రీవీలు నట్టుకు తన్ని మర పాడవుతుంది. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటుంది. రిమ్ము మారుస్తున్నాం కదా అని ముందే స్పోకులు కత్తిరించేయకూడదు. స్పోకులూ రిమ్మూ పోతే పట్టుకుని తిప్పడానికి చేతికి ఏమీ మిగలదు, ఫ్రీవీలు ఆ హబ్బు మీదే శాశ్వతంగా ఉండిపోతుంది. ఎంతో నాణ్యమైన హబ్బులు ఇలా ఒక్క నిమిషపు తొందరకు పనికిరాకుండా పోవడం చూశాను. కొత్త ఫ్రీవీలు ఎక్కించేటప్పుడు మరకు గ్రీజు రాయడం మరిచిపోకూడదు. తరువాత దాన్ని విప్పవలసిన మనిషికి మనం చేసే మేలు అదే.

రిమ్ము విషయానికి వస్తే, పాత రోడ్డు సైకిళ్లలో చాలావాటికి 27 అంగుళాల చక్రం ఉండేది. నేడు ఆ కొలత టైర్లు దొరకడం గగనమైంది. 700సి అనే కొలత టైర్లు మాత్రం విజయవాడలోనూ గుంటూరులోనూ దుకాణాల్లో దొరుకుతున్నాయి. టైరు అంచు కూర్చునే వ్యాసం పాత రిమ్ముకు 630 మిల్లీమీటర్లు, కొత్తదానికి 622. అంటే బ్రేకు రబ్బర్లను 4 మిల్లీమీటర్లు కిందికి దించితే చాలు, చాలా బ్రేకుల గాడిలో ఆ మాత్రం చోటుంటుంది. టైరుకూ ఫ్రేముకూ మధ్య దొరికే అదనపు ఖాళీ వల్ల 28 లేదా 32 మిల్లీమీటర్ల టైరు వేసుకోవచ్చు. బందరు రోడ్డు మీద తవ్వి పూడ్చిన కాలువ గుర్తుల మీదుగా వెళ్లేవారికి దాని విలువ తెలుస్తుంది. కాని కొత్త రిమ్ము వేసుకోవడానికి నేను చెప్పే మొదటి కారణం టైరు కాదు, బ్రేకు. క్రోమియం పూసిన ఉక్కు రిమ్ము వానలో తడిస్తే బ్రేకు రబ్బరు దాని మీద పట్టదు. ఎంత నొక్కినా సైకిలు చాలా దూరం జారుకుంటూ పోతుంది. అల్యూమినియం రిమ్ము మీద తడిలోనూ బ్రేకు ఎంతో మెరుగ్గా పడుతుంది. ఏటా నెలల తరబడి వానల్లో తిరిగే ఊళ్లో ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి. ఆపడంలో ముందు బ్రేకుదే పెద్ద పాత్ర కనుక, వీలైతే ముందు రిమ్ము కూడా మార్చుకోవాలి.

హబ్బునూ రిమ్మునూ కొనేటప్పుడు రంధ్రాల లెక్క చూసుకోవాలి. మన నల్ల సైకిళ్లకు ముందు 32, వెనక 40 స్పోకులు ఉండే ఇంగ్లండు ఆనవాయితీ నేటికీ సాగుతోంది. పాత ఇంగ్లీషు రోడ్డు సైకిళ్లలో కొన్నిటికీ అంతే. 40 రంధ్రాల హబ్బుకు 36 రంధ్రాల రిమ్ము సరిపోదు. పాత హబ్బు 36 అయితే అదృష్టమే, దాన్ని శుభ్రం చేసి కొత్త రిమ్ముకు అల్లుకోవచ్చు. ఫ్రీవీలు చోటు తీసుకోవడం వల్ల వెనక చక్రంలో కుడి స్పోకులు ఎడమవాటి కంటే నిటారుగా, చాలా బిగువుగా ఉండాలి. అప్పుడే రిమ్ము ఫ్రేము మధ్యకు వస్తుంది. స్పేసర్లు ఒక పక్క నుంచి మరో పక్కకు మార్చిన ప్రతిసారీ ఈ బిగువును మళ్లీ సరిచేయాలి. వేలితో స్పోకును మీటి, ఆ శబ్దాన్ని బట్టి బిగువు చెప్పగల పెద్ద మెకానిక్‌లు వన్‌టౌన్‌లో ఇంకా ఉన్నారు. వారి దగ్గర కూర్చుని నేర్చుకునేవారే కరువవుతున్నారు.

గేర్ల సంఖ్య మోజు గురించి ఇప్పుడు చెప్పవచ్చు. ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి మీదుగా మంగళగిరి వెళ్లేవాడికి దారంతా దాదాపు చదునే. బెంజి సర్కిల్ ఫ్లైఓవరు ఎక్కడానికి పదకొండు గేర్లు అక్కర లేదు. కావలసింది సంఖ్య కాదు, అన్నిటికంటే తేలికైన గేరు ఎంత తేలికగా ఉందన్నది. పాత రోడ్డు సైకిళ్లకు ముందు 52, 42 పళ్ల చక్రాలు, వెనక 14 నుంచి 28 దాకా పళ్లు ఉండడం మామూలు. ముందు 42, వెనక 28 పళ్ల మీద పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 3.2 మీటర్లు ముందుకు వెళుతుంది. కోటప్పకొండ ఘాట్ రోడ్డు మీద గాని, గుంటూరు దగ్గరి కొండవీడు ఘాట్ రోడ్డు మీద గాని నడి వయసువారికి అది మోకాళ్ల మీద భారమే. అదే వెనక 14 నుంచి 34 పళ్ల ఏడు గేర్ల ఫ్రీవీలు వేస్తే చుట్టుకు సుమారు 2.6 మీటర్లకు దిగుతుంది. పై గేరు మాత్రం మునుపటిలాగే ఉంటుంది. పదకొండు గేర్ల సామానుతో పోలిస్తే దీని ఖర్చు చాలా తక్కువ, దొరకడమూ సులువు. 34 పళ్లను పాత రోడ్డు డీరైలర్లు చాలావరకు అందుకోలేవు కనుక పొడవైన కాలున్న కొత్త డీరైలర్ వేసుకోవాలి. ఫ్రేముకు కొక్కెం లేకపోతే ఇరుసు గాడికి బిగించే పట్టీతో సహా వచ్చే రకాలూ ఉన్నాయి.

గేర్లు మార్చే లీవర్లను మాత్రం మార్చనక్కర లేదు. గేరు గేరుకూ టిక్కుమని ఆగే పద్ధతిని షిమానో తన డ్యూరా-ఏస్ శ్రేణిలో 1984లో తెచ్చింది. అంతకు ముందరి లీవర్లు ఆగకుండా ఒరుసుకుంటూ తిరిగేవి. ఆ లీవరుకు వెనక ఎన్ని పళ్ల చక్రాలున్నాయన్న పట్టింపు లేదు, ఐదైనా ఏడైనా చేతి అంచనాతో పనిచేస్తుంది. ఫ్రేము మీద మెరుస్తున్న ఆ పాత లీవర్లను పీకి, హ్యాండిలుకు ప్లాస్టిక్ మీటలు తగిలించడం చూస్తే నాకు మనసొప్పదు. వైరూ, దాని పై గొట్టమూ కొత్తవి వేస్తే అవి వెన్నలా కదులుతాయి. గొలుసు తప్పకుండా కొత్తది వేయాలి, అది గేర్ల గొలుసే అయి ఉండాలి. మామూలు సైకిలు గొలుసు లోపలి వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతు, గేర్ల గొలుసుది 32లో 3 వంతులు. మందపాటి గొలుసు పక్క పళ్లకు రాసుకుంటుంది. ఆ తరువాత స్కేలుతో కొలుస్తూ ఉండాలి. కొత్త గొలుసులో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉంటాయి. అరిగి అది అంగుళంలో 16వ వంతు పెరగగానే మార్చేస్తే పళ్లు నిలుస్తాయి, 8వ వంతు దాకా ఆగితే ఫ్రీవీలు కూడా మార్చవలసి వస్తుంది.

ఈ పనికి కావలసిన విద్య మన దగ్గర లేనిది కాదు. ఆటోనగర్‌లో లేతు పనివారు లారీ ఇరుసులనే సరిచేయగలరు. ఐటీఐల్లో ఫిట్టరు విద్యార్థులు వెర్నియరు పట్టడం మొదటి ఏడాదే నేర్చుకుంటారు. వారికి చక్రం అల్లడం, ఫ్రేము కొలవడం, బేరింగు సర్దడం కొద్ది వారాల పాఠంగా చెప్పించి, వన్‌టౌన్‌లోని అనుభవజ్ఞులైన మెకానిక్‌లను గౌరవ వేతనంతో పిలిపిస్తే రెండు పక్కలా మేలు జరుగుతుంది. పెద్దవారి పనితనం కనుమరుగు కాకుండా ఉంటుంది, కుర్రవారికి సొంతంగా బతికే దారి దొరుకుతుంది. సాంకేతిక విద్యాశాఖ అధికారులు దీన్ని పరిశీలించాలని కోరుతున్నాను. మీ పత్రిక జిల్లా పేజీల్లో అటువంటి మెకానిక్‌ల గురించీ, వారి పని విధానం గురించీ ఫొటోలతో రాయిస్తే ఎంతో ఉపయోగం.

సైకిలు దుకాణదారులకు నా మనవి రెండే రెండు. గేర్ల చక్రం అమ్మే ముందు కొనేవారి ఫ్రేము కొలత అడగండి. తెలియదంటే సైకిలు తెప్పించి మీరే కొలిచి, ఆ కొలతను బిల్లు మీద రాయండి. రెండోది, మార్చిన పాత హబ్బు, పాత ఫ్రీవీలు, పాత డీరైలర్‌ను తుక్కులో కలపకుండా సంచిలో వేసి యజమానికే ఇవ్వండి. శుభ్రం చేసి నూనె రాసి దాచుకుంటే ఆ సామాను ఇంకొక పాత సైకిలును బాగుచేయడానికి పనికివస్తుంది.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత రైల్వే ఫిట్టరు,
సత్యనారాయణపురం, విజయవాడ.